కుటుంబసమేతముగ చూడదగిన చిత్రమేది? — ‘మల్లీశ్వరి’నిగూర్చి యొక విచారణ

(మహాసభ రెండవనాటి సాయంకాలపు సమావేశమున చేసిన యుపన్యాసపాఠము)



నిన్నటిదినమున ఈ వేదికపైనుండి పెద్దలు విద్యానిధినిగూర్చియు, విద్యార్థివసతిగృహమునుగూర్చియు, సహకారసంఘములనుగూర్చియు, నూలుధరలనుగూర్చియు గంభీరముగ నుపన్యసించిరి. అట్టి సభలో నేడు నేను సినిమానుగూర్చి ముచ్చటింప నిలుచుట కొందఱికి వింతగా తోచవచ్చును. ఈ విషయమును నేను కోరి యెన్నుకొన్నవాడను గాను. ఇది ఆహ్వానసంఘమువారు నాపై నుంచిన భారము. దానికి కారణమును ముందుగా మనవి చేసికొందును.

రేపటిరాత్రి సభలు ముగిసినపిదప, భోజనానంతరమున, ఈ పందిటిలోనే స్త్రీలు, పిల్లలు, వృద్ధులు అందఱును కూర్చుండి చూచుటకై యొక చలనచిత్రమును ప్రదర్శింపవలెనని మన యువజనశాఖవారు తలపెట్టిరి. వారెన్నుకొన్నది 1951వ సంవత్సరము డిసెంబరులో విడుదలయైన ‘మల్లీశ్వరి’. ఆ మాట బయలుపడినదే తడవుగా కార్యవర్గమునందు రెండు పక్షములేర్పడినవి. యువకులు, “ఇది నేతగాండ్ర పల్లెలో మొదలగు కథ. మనబోటివారి బ్రతుకును తెరపై గౌరవముగ నిలిపిన చిత్రము. మన సభలో గాక మఱెక్కడ చూపవలెను?” అనిరి. పెద్దలు కొందఱు, “మన పల్లెపిల్లను పల్లకి నెక్కించి రాజాంతఃపురమునకు తరలించిన కథ. పాడుపడిన సత్రములో పరపురుషుల యెదుట పిల్ల ఆడిపాడిన కథ. దీనిని మన యాడుబిడ్డల నడుమ కూర్చుండి చూచుటెట్లు?” అనిరి. మహిళాశాఖవారు మాత్రము ఏ పక్షమును చేరక, “పిల్లలు చూడవచ్చునా, చూడరాదా? అది తేల్చి చెప్పుడు, చాలును” అని యొకే ప్రశ్న వేసిరి. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుమని నన్ను నియమించిరి. చిత్రమును మరల రెండుమాఱులు చూచి వచ్చితిని. నాకు తోచినది విన్నవింతును. తప్పున్నచో పెద్దలు సవరింతురుగాక.

మొదట నొకమాట. మన యువకుల వాదమును, పెద్దల వాదమును ప్రక్కప్రక్కన నుంచి చూచినచో రెండును ఒకే మగ్గముపై నేసిన బట్టలని తెలియును. చిత్రమువలన కులమునకు గౌరవము కలిగినదని వారు, గౌరవభంగము కలిగినదని వీరు! కులగౌరవమనునది మన సభలకు సంబంధించిన విషయమే, కాదనను. కాని ఇంటిలో పదియేండ్ల పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని చూచు చిత్రమునకు అది సరియైన కొలతబద్ద కాదు. ఇటీవలి యుదాహరణము నొకదానిని చెప్పెదను. 2018వ సంవత్సరము జనవరి 25వ తేదీన విడుదలయైన ‘పద్మావత్’ అను హిందీ చిత్రమునుగూర్చి, విడుదలకు పూర్వమే, తమ వంశగౌరవమునకు భంగము కలిగినదని ఉత్తరదేశమున గొప్ప యలజడి జరిగెను. చిత్రము పేరు మార్చవలసివచ్చెను. కొన్ని రాష్ట్రములు నిషేధింపగా సుప్రీముకోర్టు ఆ నిషేధములను నిలిపివేయవలసివచ్చెను. అంత కోలాహలములో వంశగౌరవమునుగూర్చి కేకలు వేసినవారు వేలాదిగ నుండిరి. స్త్రీలు గుంపుగా అగ్నిలో ప్రవేశించుటను అంత అలంకారముతో, అంత సంగీతముతో చూపినచో చూచు బాలిక మనస్సులో నేమి నాటుకొనునని యడిగినవారి గొంతుక అందులో మునిగిపోయెను. కులమువారి గౌరవమును కొలుచుచు కూర్చుండుటచేత, ఇంటిలోని తల్లి యడుగవలసిన ప్రశ్న మఱుగున పడినది. మనమట్లు చేయరాదు.

రెండవమాట. “ప్రభుత్వమువారి సెన్సారుముద్ర యున్నది గదా, ఇక మనకు విచారమెందులకు?” అని కొందఱందురు. మనదేశమున చలనచిత్రములకు చట్టము 1918లోనే ఏర్పడినది. 1949లో జరిగిన సవరణచే అందఱును చూడదగినవి ‘యు’ అనియు, పెద్దలకు మాత్రమే తగినవి ‘ఏ’ అనియు విభజింపబడినవి. పిమ్మట 1952లో క్రొత్త చట్టము వచ్చెను. 1983లో నడుమ ‘యుఏ’ అను తరగతి చేరెను. 2023లో జరిగిన సవరణచే ఆ నడిమి తరగతిని మరల ఏడేండ్లు, పదమూడేండ్లు, పదునాఱేండ్లు అను మూడు వయఃపరిమితులుగ విడదీసిరి. ఇది మంచిపనియే. కాని ముద్ర యొకటి చేయగలది, ఒకటి చేయజాలనిది కలదు. ‘ఇందులో పిల్లలు చూడరాని దృశ్యము లేదు’ అని ముద్ర చెప్పగలదు. ‘ఇందులోనుండి మీ పిల్ల యేమి యింటికి తెచ్చుకొనును?’ అన్నది ముద్ర చెప్పజాలదు. బట్టకు కొలతముద్ర వేయువాడు గజములెన్నో చెప్పును. పడుగు గట్టిదా, పేక గట్టిదా యన్నది కట్టుకొన్న యిల్లాలికి తెలియవలసినదే. ఆ పరీక్ష తలిదండ్రులది.

ఇక చిత్రమునకు వచ్చెదను. ‘మల్లీశ్వరి’ని వాహినీవారు నిర్మించిరి. దర్శకులు బి. యన్. రెడ్డిగారు. బుచ్చిబాబుగారి రేడియోనాటిక యొకటి ఈ కథకు మూలములలో నొకటి. సంభాషణలను, పాటలను దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు రచించిరి. సంగీతము సాలూరి రాజేశ్వరరావుగారిది. మల్లీశ్వరిగా భానుమతిగారు తానే పాడి నటించిరి. నాగరాజుగా నందమూరి తారకరామారావుగారు నటించిరి. 1953లో చైనాభాషలో సంభాషణలను తెరక్రింద చేర్చి బీజింగులో దీనిని ప్రదర్శించిరి. తెలుగుచిత్రములలో దీనికున్న పేరును నేను వేఱుగ చెప్పనక్కఱలేదు. కాని పేరున్న చిత్రమెల్ల మన పందిటిలో చూపదగినదని యర్థము కాదు. పేరును ప్రక్కనుంచి కథను చూతము.

శ్రీకృష్ణదేవరాయలనాటి వీరాపురమను పల్లెలో మల్లీశ్వరి, నాగరాజు అను మేనబావమఱదండ్రు కలసి పెరిగిరి. నాగరాజు శిల్పి. ఒకనాడు సంతనుండి తిరిగివచ్చుచు గాలివానకు చిక్కి, పాడుపడిన సత్రములో తలదాచుకొనిరి. మాఱువేషములతో రాయలవారును అల్లసాని పెద్దనయు అచ్చటికే వచ్చిరి. మల్లి ఆటపాటలకు వారు సంతోషించిరి. వచ్చినవాడు ప్రభువని యెఱుగని నాగరాజు, మా మల్లికి పల్లకి పంపింపుడని వేళాకోళమాడెను. అటుపిమ్మట, చేతిలో ధనము లేని మేనల్లునికి పిల్లనియ్యనని మల్లి తల్లి నాగమ్మ తూలనాడగా, నాగరాజు సంపాదనకై పల్లె విడిచిపోయెను. ఇంతలో నిజముగనే నగలతో, కానుకలతో రాజుగారి పల్లకి వచ్చెను. తల్లి సంతోషించెను. పిల్ల ఏడ్చుచు నెక్కెను. రాణివాసము చేరిన స్త్రీ పరపురుషుని చూడరాదు, వెలుపలికి రారాదు, మీఱినచో మరణదండన. ధనముతో తిరిగివచ్చిన నాగరాజు మతి చెడి, రాతిపై మల్లి రూపునే చెక్కుచు తిరిగెను. తుదకు రాజధానిలో శిల్పపుపనికి పోయి, ఆమెను చూచెను. కలిసికొనబోయి ఇరువురును భటులకు పట్టుబడిరి. రాయలవారు జరిగినదంతయు తెలిసికొని క్షమించి విడిచిపెట్టిరి. ఇదియే కథ.

ఇందు మొదటి యాక్షేపణ చరిత్రనుగూర్చినది. మన విశ్రాంతోపాధ్యాయు లొకరు, “రాయలవారిపేర కల్పితకథ నల్లి చూపినచో పిల్లలు దానినే చరిత్రయని నమ్మరా?” అని యడిగిరి. న్యాయమైన ప్రశ్న. రాయలవారు 1509 మొదలు 1529 వఱకు రాజ్యమేలిరి. పెద్దనగారు వారి యాస్థానకవి. రాయలవారి విగ్రహము ఇరువురు దేవేరులతో తిరుమలగుడిలో నేటికిని నిలిచియున్నది. ఇవి చరిత్ర. మల్లి, నాగరాజు కల్పన. చిత్రమునందు మల్లి యభినయించు జావళివంటి గేయరూపము రాయలనాటిది కాదు. జావళులు 19వ శతాబ్దమున వర్ధిల్లినవి. కాని రాణివాసపు కట్టుబాటు వట్టి కల్పన కాదు. 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసుయాత్రికుడు డొమింగో పాయిస్, అచ్చటి రాణులను పరపురుషులు చూడరాదనియు, వారు బయలుదేరినపుడు మూసిన పల్లకీలలో పోవుదురనియు వ్రాసియున్నాడు. కావున పిల్లలకు మనము చెప్పవలసినది సులువే: ఈ మనుష్యులు కల్పితులు, ఈ గోడలు నిజమైనవి. అనార్కలి కథనుగూర్చియు ఇట్లే చెప్పవలెను. 1955లో తెలుగున వచ్చిన ‘అనార్కలి’ని, 1960 నాటి ‘మొఘల్-ఎ-ఆజం’ను చూచి ఎందఱో అది అక్బరునాటి చరిత్రయని నమ్మిరి. అక్బరు ఆస్థానములోని అబుల్ ఫజలు వ్రాసిన అక్బరునామాలో ఆ కథ లేదు. దానికి ప్రచారము తెచ్చినది ఇంతియాజ్ అలీ తాజ్ అను నాటకకర్త 1922లో వ్రాసిన నాటకము. ప్రేమకథను చరిత్రయని చెప్పి చూపుట దోషము. ప్రేమకథయని చెప్పి చూపుట దోషము కాదు. అట్లు చెప్పు బాధ్యత, తెరముందు పిల్లవాని ప్రక్కన కూర్చుండినవారిది.

రెండవయాక్షేపణ సత్రములోని నృత్యమునుగూర్చినది. పెద్దలను క్షమాపణ వేడుచు చెప్పుచున్నాను: ఆ దృశ్యమునందు అసభ్యమైనది నాకేమియు కనబడలేదు. బట్టలో గాని, చూపులో గాని, మాటలో గాని హద్దు మీఱినది లేదు. పల్లెపిల్ల తన బావయెదుట, తన యానందముచేత, తాను నేర్చినది ఆడినది. అందు సిగ్గుపడవలసినది లేదు. సిగ్గుపడవలసినది ఆపిమ్మట జరిగినది. ఆమె సంతోషముచేత ఆడిన యాటను చూచి, ఆమెను అడుగకయే, ఆమెకు చోటు నిర్ణయించిరి. మన యింటి పిల్ల పాడినపుడు గాని, పాఠశాలయందు ఆడినపుడు గాని మనము తలదించుకొనుచున్నాము. ఆమెనడుగక సంబంధము నిశ్చయించినపుడు తలయెత్తుకొని తిరుగుచున్నాము. ఈ చిత్రము ఆ తలక్రిందులను సరిచేసి చూపుచున్నదని నా యభిప్రాయము.

మూడవయాక్షేపణ ప్రేమకథ యన్నది. నాయికానాయకుల యనురాగము ఇందు బాల్యస్నేహమునుండి మెల్లగ నెదిగినది. ఒకరి పేరును మఱియొకరు తలచుకొనుటలోనే యది చూపబడినది. దానిని చూచి పిల్లలు చెడుదురని నేననుకొనను. అయినను ఇచ్చట నొక హెచ్చరిక చేయవలసియున్నది. ఈ చిత్రము మేనరికమును మిక్కిలి మధురముగ చూపుచున్నది. మన యిండ్లలో నది తరతరములుగ వచ్చుచున్నదే. కాని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది వేఱు: దగ్గఱి రక్తసంబంధము లేని దంపతుల బిడ్డలలో పుట్టుకలోపములు నూటికి రెండుమూడుగ నుండగా, మేనబావమఱదండ్రు దంపతులైనచోట అవి ఇంచుమించు రెట్టింపగుచున్నవి. తరతరములుగ నదే కొనసాగిన కుటుంబములలో భయమింకను హెచ్చు. మల్లి నాగరాజును కోరినది మేనబావయైనందున గాదు, మనసెఱిగినవాడైనందున. ఈ భేదమును చిత్రము చెప్పదు. ఇంటికి పోయినపిదప మనమే చెప్పవలెను.

ఇక నా దృష్టిలో గొప్పలోపము మఱియొకటి కలదు. దానిని ఎవ్వరును ఆక్షేపింపలేదు గనుక నేనే చెప్పెదను. కథాంతమున రాయలవారు క్షమింపగా ప్రేక్షకులందఱును చప్పట్లు కొట్టుదురు. క్షమించినదెవరు? పల్లకి పంపినవారే. ఒక వేళాకోళపు మాటను పట్టుకొని, పిల్లను గాని, ఆమె మనసును గాని విచారింపక, రెండు బ్రతుకులను విడదీసినవారు తుదకు కరుణామూర్తులుగ నిలిచిరి. విడదీయబడినవారు చేతులు జోడించి నిలిచిరి. న్యాయముగ రావలసినది దయగా వచ్చినది. పిల్లలకు ఈ సంగతి తెలియజెప్పవలెను: బిడ్డా, తమకు చెందినదానిని తిరిగి పొందుటకు వారు ప్రాణములొడ్డి మ్రొక్కవలసివచ్చినది, చూచితివా? అట్లు మ్రొక్కవలసిన యవసరము లేని యిల్లు మంచి యిల్లు. దర్శకుడు రాజును దుష్టునిగ చూపలేదు, మంచివానిగనే చూపెను. మంచివాడైన పెద్దకూడ, అడుగకుండ మేలు చేయబోయి, ఎంత కీడు చేయునో యందువలననే తేటపడుచున్నది. ఇది రాజులకు మాత్రమే వర్తించు సంగతి కాదు. ప్రతి యింటికిని ఒక రాజు కలడు.

అట్లే నాగరాజు తప్పునుగూడ దాచరాదు. పల్లకి పంపుమని యడిగినవాడతడే. హాస్యమే కావచ్చును. కాని మాటలాడినది మల్లినిగూర్చి, మల్లిని అడుగకుండ. తల్లి ధనమునకు లోబడి తప్పుచేసెను. రాజు మేలు చేయుదునని తప్పుచేసెను. బావ నవ్వులాటకు తప్పుచేసెను. మువ్వురును ఆమెను ప్రేమించినవారే, ఆదరించినవారే. ఆమెను అడిగినవారు మాత్రము లేరు.

సభాసదులారా! ఇంతవఱకు నేను విమర్శకునివలె మాటలాడితిని. ఇక మా యింట జరిగినదొకటి చెప్పి, యీ విచారమును నేనెందులకింత పట్టుదలతో చేయుచున్నానో విన్నవింతును. సభలో చెప్పదగునా యని పలుమాఱులాలోచించితిని. చెప్పుటయే మంచిదని తోచినది.

నాకు పదియేండ్ల వయస్సున మా యూరికి గుడారపు టాకీసువారు వచ్చి, పాతబొమ్మయైన ‘మల్లీశ్వరి’ని ఆడించిరి. మా యింటిల్లిపాదియు పోయితిమి. నేల టిక్కెట్లు. మా తల్లిగారు, మా అక్కయ్య ప్రక్కప్రక్కన కూర్చుండిరి. పల్లకి వచ్చినచోట మా తల్లిగారు కొంగు నోటికడ్డము పెట్టుకొని వెక్కివెక్కి యేడ్చిరి. తిరిగివచ్చు దారిపొడుగునను నాగమ్మను తిట్టుచునే వచ్చిరి. “తల్లియేనా అది?” అనిరి. మా అక్కయ్య యేమియు మాటలాడలేదు. అప్పటికామెకు పదునేడేండ్లు. అంచులో బుటాలు దించుటలో మా వీథిలో ఆమెకు సమానులు లేరు. మగ్గమెక్కినదనిన మా తండ్రిగారు తమ పని మాని చూచుచుండెడివారు.

ఆ బొమ్మ చూచిన సంవత్సరము తిరుగకమునుపే పట్టణమునుండి నూలువర్తకులొకరి యింటి సంబంధము వచ్చెను. కట్నమడుగలేదు, పైగా నగలు వారే పెట్టిరి. పెండ్లికూతును తీసికొనిపోవుటకు కారు వచ్చెను. మా వీథిలోనికి కారు వచ్చుట యదే మొదలు. మా తల్లిగారు సంతోషముచేత నేలమీద నిలువలేదు. అక్కయ్యను అడిగినవారు లేరు. మేమందఱమును ఆమె మేలునే కోరితిమి.

వారు చెడ్డవారు కారు. ఒక్కమాట యనలేదు, చేయి చేసికొనలేదు. కాని ఆ యింటి స్త్రీలు వీథిగుమ్మము దాటరాదు. పుట్టింటికి రెండుమూడేండ్లకొకమాఱు, అదియును ఒక పూటకు. మగ్గముపని చేయుట వారి యంతస్తునకు తగినది కాదట. మా అక్కయ్య ఆ పెండ్లినాటినుండి నాడె చేతబట్టలేదు. వచ్చినపుడెల్ల మగ్గముముందు కొంచెముసేపు నిలుచుండి, పడుగును వ్రేళ్ళతో తడవిచూచి, వెడలిపోవుచుండెడిది. తొమ్మిదేండ్లక్రిందట ఆమె కాలము చేసెను.

అటుపిమ్మట నొకనాడు మా యింట టీవీలో ఇదే చిత్రము వచ్చెను. మా మనుమలు చూచుచుండిరి. మా తల్లిగారికప్పటికి తొంబదియేండ్లు దాటినవి, చూపు మందగించినది. పాట విని గుర్తుపట్టి వచ్చి కూర్చుండిరి. పల్లకి వచ్చుచోట నా చేయి పట్టుకొని, “తీసెయ్యరా నాయనా. ఆ పల్లకీ నా చేత్తోనే ఎక్కించినాను” అనిరి. అంతకుమించి యేమియు అనలేదు. నేను టీవీ ఆపివేసితిని. పిల్లలు, ఎందుకాపితివని యడిగిరి. ఆనాడు నేను సమాధానము చెప్పలేదు. ఈ యుపన్యాసమే ఆ సమాధానము.

దీనివలన నేను గ్రహించినదేమి? ఆ చిత్రము మా కుటుంబమును చెఱుపలేదు. బాగుచేయనులేదు. మేము కుటుంబసమేతముగ పోయితిమి, కుటుంబసమేతముగ ఏడ్చితిమి, కుటుంబసమేతముగ తిరిగివచ్చితిమి. కాని ఆ రాత్రి మా అక్కయ్య యెందులకు మౌనముగ నున్నదని యొక్కరమును అడుగలేదు. తెరమీది తల్లిని తిట్టుట సులువు. ఇంటిలోని కూతును అడుగుట కష్టము. చిత్రము కుటుంబమునకు తగినదా యన్న ప్రశ్న తెరముందు సగమే తేలును. తక్కిన సగము ఇంటికి వచ్చినపిదప తేలవలెను. మా యింట ఆ తక్కిన సగము జరుగలేదు.

కావున మహిళాశాఖవారి ప్రశ్నకు నా సమాధానము: చూడవచ్చును. చూపవలెను. అయితే కొన్ని నియమములతో చూపవలెనని మనవి చేయుచున్నాను.

మొదటిది, వయస్సు. ఇది ఇంచుమించు మూడుగంటల చిత్రము, నడక నిదానము. ఏడెనిమిదేండ్ల లోపు పిల్లలు నడుమనే నిద్రపోవుదురు. మేల్కొనియున్నవారు నాగరాజు మతిచెడి తిరుగుటను, దండనభయమును చూచి దిగులుపడుదురు. వారిని తల్లులు ఒడిలో నుంచుకొనవలెను, లేదా ముందుగనే పండుకొనబెట్టవలెను. పదేండ్లు దాటిన బాలబాలికలు నిశ్చింతగ చూడవచ్చును.

రెండవది, ప్రదర్శనమునకు ముందు మన విశ్రాంతోపాధ్యాయులే ఐదునిమిషములు మాటలాడి, ఏది చరిత్ర, ఏది కల్పన యన్నది పిల్లలకు చెప్పవలెను. వారి యాక్షేపణమునకు వారే పరిష్కారము కాగలరు.

మూడవది, చిత్రమును సగములో నాపి పావుగంట విరామమీయవలెను. మల్లి పల్లకియెక్కిన పిదప ఆపుట మంచిది. ఆ పావుగంటలో పిల్లలు తమంతట తామే మాటలాడుకొందురు. పెద్దలు చెవియొగ్గి వినవలెను, తీర్పు చెప్పరాదు.

నాలుగవది ముఖ్యము. ఇంటికి పోయినపిదప, మఱునాడైనను సరే, ప్రతి తండ్రియు తల్లియు తమ పిల్లలను మూడుమాటలడుగవలెను. మల్లిని ఎవరైనను అడిగినారా? పల్లకి పంపినవాడు మంచివాడే యైనచో, తప్పెక్కడ జరిగినది? నీవే ఆ పల్లెలో నుండినచో ఏమి చేసియుందువు? ఈ మూడు ప్రశ్నలకు పిల్లలు చెప్పు సమాధానములను విన్నపిదప, పెండ్లీడు వచ్చిన పిల్ల యున్నయింట నాలుగవ ప్రశ్న నొకదానిని అడుగవలెను. అదేదో మీకు తెలియును. ఆ ప్రశ్న అడుగుటకు సిద్ధముగ లేనివారు రేపటిరాత్రి చిత్రము చూడకున్నను నష్టము లేదు.

ఇతరచిత్రములకును ఇదియే కొలతబద్ద. చరిత్రపేర వచ్చు ప్రేమకథలు ఇకముందును వచ్చుచునే యుండును. కోటలు, ఏనుగులు, నగలు, యుద్ధములు ఇంకను గొప్పగ కనబడును. బట్ట హద్దులో నున్నదా యని చూచుట సరియే. కాని అంతటితో నిలువరాదు. ఆ చిత్రమునందలి స్త్రీకి నోరున్నదా? ఆమె కాదనినచో వినువాడున్నాడా? ఆమె బాధను అందముగ చూపి మనలను మఱపించుచున్నారా, బాధగనే చూపి మనలను ఆలోచింపజేయుచున్నారా? ఇవి చూడవలెను. నిండుగ కట్టుకొన్న పట్టుచీరెల నడుమ ఎంతటి క్రూరత్వమైనను దాగియుండవచ్చును. పాడుపడిన సత్రములో ఆడిన పల్లెపిల్ల యాటలో ఎంతటి నిర్మలత్వమైనను ఉండవచ్చును.

కులబాంధవులారా! మనది నేసి బ్రతికిన జాతి. పడుగు తలిదండ్రులు వేయుదురు. పేక బిడ్డలు తామే నేసికొనవలెను. పడుగుపోగుమీద మనకధికారమున్నది, నాడెమీద లేదు. మా అక్కయ్య చేతినుండి మేము నాడెను తీసికొంటిమి. ఏ సోదరియైనను మీ యింటినుండి అట్లు వెడలకుండుగాక యని కోరుచు, రేపటిరాత్రి ప్రదర్శనమునకు ఆహ్వానసంఘమువారు అనుమతి నీయవలసినదిగ ప్రార్థించుచున్నాను. ఆ రాత్రి ముందువరుసలో ఆడుబిడ్డలకు చోటీయుడు. వారి వెనుక మనము కూర్చుందము. తెరను వారు చూతురు. మనము వారిని చూతము.